సంఘంలో పరిచర్య వంతులు ఎలా వేయాలి?

ప్రతి జనవరిలోనూ ఒకటే తంతు. సంఘ పెద్దలు కూర్చుంటారు, ఈ ఏడాది పరిచర్యలో అందరూ పాలుపొందాలంటారు. మార్చి వచ్చేసరికి చాపలు పరిచేదీ, మైకులు సర్దేదీ, కానుకలు లెక్కపెట్టేదీ మళ్లీ ఆ నలుగురే. వంతులు వేయడం రాకనే ఇదంతా. దావీదు రాజు కాలంలో బలులు అర్పించే యాజకులకూ, ఆలయ పనులు చూసే లేవీయులకూ వంతులు ఎలా వేశారో మొదటి దినవృత్తాంతములు 23 నుంచి 26 అధ్యాయాల వరకు వివరంగా ఉంది. మనవాళ్లు వాటిని పేర్ల పట్టిక అనుకుని దాటేస్తారు.

వంశాన్నీ బలిపీఠాన్నీ మనం తెచ్చుకోనక్కరలేదు. పేతురు మొదటి పత్రిక విశ్వాసులందరినీ రాజులైన యాజకసమూహం అంది. తీసుకోవలసింది పని పంచిన తీరు మాత్రమే.

కావలసినవి: ఒక లాంగ్ నోటుబుక్కు, ఒకే రకం తెల్ల కాగితాలు, మూతి సన్నగా ఉన్న చెంబు. పట్టిక చేత్తోనే రాయాలి. వాట్సాప్‌లో పెట్టిన పట్టికను ఎవరూ చదవరు.

మొదట పనులు రాయండి, పేర్లు తరువాత. సంఖ్యాకాండం 7వ అధ్యాయంలో లేవీయుల మూడు వంశాల్లో, గుడారం తెరలు మోసే గెర్షోనీయులకు 2 బండ్లు, పలకలూ స్తంభాలూ మోసే మెరారీయులకు 4 బండ్లు ఇచ్చారు. మందసం భుజాల మీదే మోయాలి కనుక కహాతీయులకు ఒక్కటీ ఇవ్వలేదు. సౌండు బాక్సులకు ఆరుగురిని పెట్టండి, ప్రభు బల్లకు ఇద్దరు చాలు. 50 దాటినవారికి బరువులు వద్దు. లేవీయులు ఆ వయసులో మోత మాని, తోటివారికి సాయంగా ఉండేవారు.

ఇక చీట్లు. పని చెడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

చేతులెత్తమంటే హుషారైనవాళ్లే ఎత్తుతారు. పాస్టరు గారే పేర్లు చదివితే రాని పేరు గలవారు ఆరు నెలలు ముఖం చాటేస్తారు. చీటీ మీద అలగడానికి ఎవరూ ఉండరు. దావీదు కాలంలో యాజకులకు చీట్లు వేసినప్పుడు, అహరోను కొడుకుల్లో ఎలియాజరు సంతతిలో పెద్దలు ఎక్కువ కాబట్టి అటు 16, ఈతామారు సంతతికి 8, మొత్తం 24 తరగతులు చేశారు. చెరి సగం అనలేదు, తలలు లెక్కపెట్టారు. మీ సంఘంలో రెండు పేటలవారు ఉంటే మీరూ తలలే లెక్కపెట్టండి.

చీట్లు తీసింది గదిలో కాదు. రాజు, యాజకులు సాదోకు, అహీమెలెకు, పితరుల ఇళ్ల పెద్దలు చూస్తుండగా శాస్త్రి షెమయా పేర్లు రాశాడు. అంటే తీసే చెయ్యి ఒకటి, రాసే చెయ్యి మరొకటి. నేనెరిగిన ఒక సంఘంలో ఒక చీటీని మాత్రం శుభలేఖ అట్టతో చేశారు. చెంబులో చెయ్యి పెట్టిన పిల్లవాడి వేళ్లకు ప్రతిసారీ అదే తగిలేది. క్రిస్మస్ వంతు మూడేళ్లు ఒకే ఇంటికి వెళ్లింది. అందుకే చీట్లన్నీ ఒకే కాగితంలోంచి చించాలి, ఒక్కరే నాలుగు మడతలు పెట్టాలి, చెంబులో వేసేముందు పైకి లెక్కపెట్టాలి. తీశాక వారాలు మార్చుకుంటామంటే ఇద్దరూ వచ్చి పుస్తకంలో సంతకం చేయాలి. ఫోనులో చెప్పిన మార్పు చెల్లదు.

గాయకులు మినహాయింపు అడుగుతారు, ఇవ్వకండి. దావీదు గాయకులు 288 మంది, పన్నెండేసి మంది చొప్పున 24 జట్లు. గురువూ శిష్యుడూ, పెద్దా చిన్నా తేడా లేకుండా చీట్లు వేసుకున్నారు. అయితే అర్హత చూశాకే చెంబులో పేరు వేయాలి. ఆ 288 మందీ పాటలో ప్రవీణులు. వాక్యం చెప్పేవారినీ, డబ్బు లెక్క చూసేవారినీ చీటీతో ఎన్నుకోకండి. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో విధవరాండ్రకు రోజువారీ పంపిణీ చూడడానికి ఏడుగురినీ మంచి పేరు చూసే ఏర్పరచారు.

పట్టికను తలుపు పక్కన అంటించండి. మిగిలింది అప్పగింతలే. యోవాషును రాజును చేసిన విశ్రాంతి దినాన యాజకుడు యెహోయాదా దిగే వంతువాళ్లను ఇంటికి పంపకుండా ఎక్కే వంతువాళ్లతో పాటే ఉంచాడు. అది కాపలా కోసం, మనకు తాళాల కోసం పనికొస్తుంది. పాత జట్టు, కొత్త జట్టు పది నిమిషాలు కలిసి నిలబడాలి. లేవీయులు సేవా పాత్రలను లెక్కపెట్టి లోపలికి తెచ్చేవారు, లెక్కపెట్టే బయటికి తీసేవారు. ప్రభు బల్ల గిన్నెలు 60 ఉంటే 60 అని ఇద్దరూ పైకి అనాలి. ఒకటి తగ్గితే చెప్పులు వేసుకోకముందే వెతకండి.