ఎగిరే బాతులకు ఫొటోలు – నాలుగో పాఠం: గాలిని చూసి చోటు, చోటును బట్టి చట్రం

షట్టర్ వేగం 1/2000 సెకనుకు తగ్గకుండా చూసుకోవడం, కదిలే పక్షిని ఆటోఫోకస్ వదలకుండా వెంటాడేలా అమర్చుకోవడం కిందటి పాఠంలో చూశాం. ఈసారి విషయం చట్రం, అంటే ఫొటోలో పట్టే మేర (ఫ్రేమ్). బాతు లేచాక ఆలోచించే వ్యవధి ఉండదు కనుక, అది ఎటు లేస్తుందో, దాని వెనుక ఏముంటుందో చెరువు గట్టున కూర్చున్నప్పుడే తేల్చుకోవాలి.

బాతులు లేచేటప్పుడూ దిగేటప్పుడూ గాలికి ఎదురుగానే ఉంటాయి. తిరుపతి చుట్టుపక్కల చెరువులకు వలస బాతులు వచ్చే డిసెంబరు, జనవరి నెలల్లో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. అందువల్ల ఉదయం తూర్పు గట్టున, ఎండను వీపున పెట్టుకుని కూర్చుంటే, లేచే బాతు ఏటవాలుగా మన వైపే వస్తుంది, ఎండ దాని ముఖం మీద పడి కంట్లో చిన్న మెరుపు కనిపిస్తుంది. సాయంత్రం ఎండ కోసం పడమటి గట్టుకు మారితే మాత్రం అదే గాలికి తోకలే మిగులుతాయి. నేను సాయంత్రాలు కెమెరా సంచిలోనే ఉంచడానికి కారణం అదే. రాయలచెరువులాగా కొండలు దగ్గరగా ఉన్న చోట గాలి దారి మళ్లవచ్చు కాబట్టి పంచాంగాన్ని కాక, నీటి మీద విశ్రమిస్తున్న బాతులు ముక్కు ఎటు పెట్టాయో చూడండి.

లేవబోయే ముందు బాతు మెడ నిక్కించి, తలను రెండు మూడు సార్లు పైకి ఎగరవేస్తుంది. వేలు షట్టర్ మీదికి రావలసిన క్షణం అదే. సూదితోక బాతు వంటి, నీటి పైపైన మేసే జాతులు ఉన్నచోటి నుంచే దాదాపు నిట్టనిలువుగా లేస్తాయి కనుక చట్రంలో పైన చోటు వదలాలి. మునిగి మేసే బాతులు నీటి మీద కొంతదూరం పరుగెత్తి లేస్తాయి కనుక వాటికి ముందు చోటు కావాలి. పూర్తిగా గాలిలోకి వచ్చాక ఏ జాతికైనా తోక వెనుక కంటే ముక్కు ముందు ఎక్కువ ఖాళీ ఉండాలి.

పక్షి చట్రం నిండాలన్న ఆశతో నేను మొదటి చలికాలమంతా జూమ్‌ను చివరి వరకూ లాగి, రెక్కల కొనలు తెగిన ఫొటోలను వందల కొద్దీ పోగుచేశాను. చట్రం వెడల్పులో మూడో వంతు మాత్రమే బాతుకు ఇచ్చి, మిగిలినది తర్వాత కత్తిరించుకోవడం మేలు; తెగిన రెక్కను ఎవరూ అతికించలేరు.

వెనుక కొండ నీడ ఉంటే కెమెరా చీకటిని చూసి మోసపోయి, బాతు రెక్కల తెల్లదనాన్ని మాడ్చేస్తుంది; అక్కడ ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వచ్చే వెలుగు) అర స్టాపు తగ్గించండి; ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడం లేదా సగం కావడం. వెనుక తెల్లని ఆకాశమైతే ఒక స్టాపు పెంచండి, లేకుంటే పొట్ట నల్లగా ముద్దకడుతుంది.

బాతులను లేపడానికి రాళ్లు విసిరేవారి పక్కన కూర్చోకండి. బెదిరిన పక్షులు మనకు దూరంగా ఎగురుతాయి, కాబట్టి మళ్లీ తోకలే దక్కుతాయి.

ఈ వారం అభ్యాసానికి బాతులు అక్కరలేదు. మీ దగ్గరి చెరువులోనో పొలంలోనో తెల్లకొంగలు నెమ్మదిగా ఎగురుతాయి. వాటివి యాభై ఫొటోలు తీసి, రెక్క ముఖానికి అడ్డం రానివి, ముక్కు ముందు చోటు ఉన్నవి ఎన్నో లెక్క రాసి పెట్టుకోండి.