నెప్ (సోవియట్ కొత్త ఆర్థిక విధానం) కాలంలో రైతు ధాన్యం అమ్మలేదా? ముందు ధరలు చూడండి

లక్షణం: పంట బాగానే పండింది, అయినా ధాన్యం పట్టణానికి రావడం లేదు. ఫ్యాక్టరీల సరుకు కొనేవాళ్లు లేక గోదాముల్లో పేరుకుపోయింది. 1923 శరత్కాలంలో సోవియట్ దేశం పరిస్థితి ఇదే. నేను దిద్దే జవాబుల్లో దీనికి ఎప్పుడూ ఒకటే కారణం కనిపిస్తుంది: కులక్కులు, అంటే కలిగిన రైతులు, దాచేశారట! ధరల పట్టిక తెరిచి చూసినవాళ్లు ఎవరూ అలా రాయరు.

ముందు ఏడాది సరిచూసుకోండి. 1921 మార్చికి ముందైతే బలవంతపు ధాన్య సేకరణే కారణం. రష్యాలోని టాంబోవ్ ప్రాంతపు రైతులు తిరగబడింది అందుకే. 1921-22 అయితే వోల్గా నదీ ప్రాంతపు కరువు. 1921 మార్చిలో కమ్యూనిస్టు పార్టీ పదో మహాసభ ఆ బలవంతపు సేకరణను ఎత్తేసి పన్ను పెట్టిందనీ, పన్ను పోగా మిగిలింది రైతు అమ్ముకోవచ్చన్నదనీ మీకు తెలిసే ఉంటుంది; నెప్ మొదలైంది అక్కడే.

1923లో అసలు కారణం: ధరల కత్తెర. అంటే సరుకుల ధరలు పైకి, ధాన్యం ధరలు కిందికి, కత్తెర రెక్కల్లా విడిపోవడం. ఇది సులువుగా దొరకదు. ధాన్యం ఎవరూ లాక్కోవడం లేదు, బజారు తెరిచే ఉంది, అంగట్లో సరుకూ ఉంది. దాంతో తప్పంతా రైతు మొండితనానిదే అనిపిస్తుంది. నిజానికి సేద్యం త్వరగా కోలుకుంది, ధాన్యం ధర పడిపోయింది. పరిశ్రమ ఇంకా పాత యంత్రాలతో కుంటుతోంది. సొంత రాబడితో బతకమన్న ప్రభుత్వ ట్రస్టులు (ఫ్యాక్టరీల సముదాయాలు) సిండికేట్లుగా, అంటే ఉమ్మడి అమ్మకపు సంఘాలుగా, కలిసి ధరలు పెంచాయి. స్టేట్ బ్యాంకు అప్పులిస్తుంటే సరుకు తగ్గించి అమ్మాల్సిన తొందర వాటికి లేదు. 1913 ధరలను 100 అనుకుంటే, 1923 అక్టోబరులో పారిశ్రామిక ధరలు 276, వ్యవసాయ ధరలు 89. అంటే అదే గుడ్డకు రైతు మూడింతలకు పైగా ధాన్యం ఇవ్వాలి. పైగా రోజురోజుకీ విలువ కరిగిపోయే కాగితం రూబుల్ కోసం గాదె ఖాళీ చేసుకుంటాడా?

పరిష్కారం: ట్రస్టులకిచ్చే అప్పులు బిగించారు, సరుకుల ధరలు తగ్గించమన్నారు, 1924లో పాత కాగితం డబ్బును రద్దు చేసి నిలకడైన రూబుల్ తెచ్చారు. ఆ ఏప్రిల్‌కల్లా ఆ అంకెలు 131, 92 అయ్యాయి. తుపాకీ అవసరం రాలేదు.

విదేశీ కుట్ర, రైళ్ల కొరత: 1923 విషయంలో వీటిని పక్కన పెట్టేయండి.

1927 చివర్లో అదే లక్షణం మళ్లీ కనిపిస్తే మళ్లీ ధరలే చూడండి. ప్రభుత్వం ధాన్యం సేకరణ ధర తగ్గించింది; పశువులకు, ఇతర పంటలకు మంచి ధర వస్తోంది. రైతు అవి అమ్మి ధాన్యం ఉంచుకున్నాడు. ధర సరిచేయడానికి బదులు స్టాలిన్ 1928 జనవరిలో సైబీరియా వెళ్లి, శిక్షాస్మృతి 107వ అధికరణం కింద ధాన్యం జప్తు చేయించాడు. 1921లో ఎత్తేసిన బలవంతం అలా తిరిగొచ్చింది.