బక్రీద్ మేకపోతు: కొనేముందు, కోసేముందు

పళ్లు చూడందే బేరమాడొద్దు. మేకకు ఏడాది నిండకపోతే ఖుర్బానీ (పండగ బలి) చెల్లదు, డబ్బు పోయినట్టే. కింది దవడ ముందు రెండు పెద్ద పళ్లు వస్తే నిండినట్టు. కండ చూసి మోసపోయేవాళ్లే ఎక్కువ.

నాలుగడుగులు నడిపించండి. డెల్టా తడినేలల్లో గిట్టల మధ్య కుళ్లుతుంది. స్పష్టంగా కుంటేది పనికిరాదు.

తెచ్చాక బియ్యం, ధాన్యం కుమ్మరించొద్దు. కడుపులో ఆమ్లం పెరిగి పండగలోపే చావొచ్చు. గడ్డి, అవిశాకు, నీళ్లు చాలు.

ఈద్ నమాజుకు ముందు కోస్తే ఉత్త మాంసమే, ఖుర్బానీ కాదు.

కత్తి దాని కంటపడకుండా ముందే నూరండి. ఇంకోదాని ఎదుట కోయొద్దు, బెదురుతుంది.

బిస్మిల్లా అన్నాక శ్వాసనాళం, ఆహారనాళం, మెడ పక్కల రెండు రక్తనాళాలు తెగాలి, తల వేరుచేయొద్దు. కదలిక పూర్తిగా ఆగాకే తోలు తీయండి.