భోగి మంటకు ముందే: అపార్ట్‌మెంటులో పాత సామాన్లు చేతులు మారాలంటే

ధనుర్మాసంలో ఇల్లు దులపడం మొదలుపెడితే అటక మీది సామానంతా కిందికి దిగుతుంది. జనవరి 13న గానీ 14న గానీ వచ్చే భోగినాటికి అందులో కొంత మంటలోకి, కొంత పాత సామాన్లు కొనేవాళ్ల తూకంలోకి పోతుంది. రెండూ నష్టమే. ప్లైవుడ్డు, రంగు వేసిన చెక్క, ఫోమ్ పరుపు కాలిస్తే వచ్చేది విషపు పొగ. పనిచేసే మిక్సీని తూకానికి వేస్తే అందులోని లోహానికే ధర కడతారు. అదే మిక్సీ ఆ వీధిలోనే ఇంకో వంటింట్లో కొన్నేళ్లు తిరుగుతుంది. దానికి ఒక్కటే షరతు: తీసుకెళ్లినవాళ్లు పైసా ఖర్చు లేకుండా మర్నాడే వాడుకోగలగాలి. రబ్బరు లేని కుక్కరు, తాళంచెవి లేని బీరువా ఇస్తే మన చెత్త పక్కింటికి మారినట్టే.

అందుకే అందరూ తమకు అక్కర్లేని వస్తువులు ఒకచోటికి తెచ్చి, కావాల్సినవాళ్లకు ఉచితంగా ఇచ్చే రోజొకటి పెట్టుకోవాలి. పండక్కి ఊళ్లు వెళ్లేవాళ్లు ముందే బయల్దేరతారు కాబట్టి దాన్ని డిసెంబరు ఆఖరి ఆదివారం పెట్టుకోండి, పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా. శుక్రవారం వద్దు. ఆ రోజు ఇంట్లోంచి వస్తువు బయటికి ఇవ్వడానికి చాలామందికి మనసొప్పదు.

వారం ముందే ప్రతి వస్తువునూ పరీక్షించాలి. కుక్కరులో మూడో వంతు నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టండి. విజిల్ రాకుండా మూత అంచు చుట్టూ ఆవిరి పోతుంటే చాలాసార్లు రబ్బరు గట్టిపడిందనే లెక్క. కొత్తది మీరే వేయించండి. లోపలికి బిగిసే మూతకు, పైనుంచి పట్టే మూతకు రబ్బర్లు వేరు కాబట్టి కొట్టుకు మూత పట్టుకెళ్లండి. సేఫ్టీ వాల్వు ఒకసారి కరిగి పోయి ఉంటే అదే కంపెనీది వేయాలి, దొరికినదేదో బిగిస్తే ప్రమాదం. అడుగు ఉబ్బి పొయ్యి మీద కదిలే కుక్కరు ఎవరికీ ఇవ్వొద్దు, అది తుక్కే.

మిక్సీ జారులో సగం నీళ్లు పోసి పాత పేపరు మీద పది నిమిషాలు ఉంచండి. కింద తడి అయితే బుష్, అంటే జారు అడుగున బ్లేడు ఇరుసు చుట్టూ ఉండే చిన్న గొట్టం, అరిగింది. అలా కారిన నీరు మోటారులోకి దిగుతుంది, కొత్త చేతుల్లో నెల తిరక్కుండానే మిక్సీ కాలిపోతుంది. రిపేరు షాపులో బుష్ మార్పించి ఇవ్వండి, లేకపోతే ఆ జారు తీసేసి మిగతా జార్లతో ఇవ్వండి.

సీలింగ్ ఫ్యాను హమ్మని మోగుతూ నెమ్మదిగా తిరిగితే చాలాసార్లు తప్పు కండెన్సరుదే. మామూలు ఫ్యాన్లకు 2.5 మైక్రోఫారడ్‌ది వేస్తారు, పాతదాని మీద రాసి ఉన్నది చూసి కొనండి. ఫ్యానుతో పాటు రాడ్డు, కప్పులు, వేలాడదీసే బోల్టు, ఆ బోల్టు జారకుండా చివర దూర్చి వంచే పిన్ను ఒక కవరులో వేసి రాడ్డుకు కట్టండి. ఆ పిన్ను లేకపోతే తీగ ముక్క చుట్టి బిగించేస్తారు, కాలక్రమంలో బోల్టు జారిపోయి, కింద ఉన్నవాళ్ల మీద ఫ్యాను పడొచ్చు.

గ్యాస్ పొయ్యి ఇవ్వొచ్చు. సిలిండరు, రెగ్యులేటరు ఇవ్వకూడదు, అవి డిపాజిట్టు కట్టి తెచ్చుకున్న కంపెనీ సొత్తు. అక్కర్లేకపోతే ఏజెన్సీకి అప్పగించి డిపాజిట్టు తీసుకోండి. ఇన్వర్టరు బ్యాటరీ కూడా కొత్తది కొనే షాపులోనే ఇచ్చేయాలి. అందులో సీసం, యాసిడ్ ఉంటాయి.

పరుపు విషయంలో మొహమాటం పనికిరాదు. టార్చి వేసి అంచు కుట్లు, నాలుగు మూలలు, మంచం పట్టీల సందులు వెతకండి. సిరా చుక్కల్లాంటి నల్ల మచ్చలు కనిపిస్తే నల్లులున్నట్టే. ఎండలో వేశాం కదా అనుకోవద్దు, ఆ వేడి పరుపు లోపలికి దిగదు. ఆ పరుపూ మంచమూ రెండూ ఆపేయండి. నల్లులు లేని దూది పరుపైతే దూది ఏకించి కొత్త గుడ్డ కుట్టించుకునేవాళ్లుంటారు.

ఇనుప బీరువా తరాలు మారుతుంది. ఇచ్చేముందు తలుపు తాళంచెవి, లోపలి లాకరు తాళంచెవి రెండూ తిప్పి చూసి, ఎత్తు, వెడల్పు, లోతు కొలిచి రాయండి. లిఫ్టులో పట్టదని చివరి నిమిషంలో తెలిస్తే నలుగురు కూలీల ఖర్చు తీసుకునేవాళ్ల మీద పడుతుంది. చెక్క పొట్టు అదిమి చేసిన పలకల (పార్టికల్ బోర్డు) కబ్బోర్డులు మాత్రం విప్పి మళ్లీ బిగిస్తే నిలవవు, స్క్రూ పట్టిన రంధ్రం వదులైపోతుంది. అదే బిల్డింగులో విప్పకుండా మార్చగలిగితేనే ఇవ్వండి.

ఫోను ఇచ్చేటప్పుడు వరస తప్పొద్దు. ముందు బ్యాంకు, యూపీఐ యాప్‌ల నుంచి బయటికి రావాలి, తర్వాత గూగుల్ ఖాతా తీసేయాలి, అప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. ఖాతా తీయకుండా రీసెట్ చేస్తే కొన్నిసార్లు ఫోను తెరవగానే పాత ఖాతా పాస్‌వర్డు అడిగి అక్కడే ఆగిపోతుంది. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ వేరుగా ఉండే గుర్తింపు నంబరు), ఎవరికి ఎప్పుడు ఇచ్చారో కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకోండి. రేపు ఆ ఫోను గురించి పోలీసులు అడిగితే ఇద్దరికీ అదే ఆధారం.

బట్టలు ఉతికి, హుక్కులు, జిప్పులు సరిచేసి, సైజుల వారీగా మడతపెట్టండి. స్కూలు యూనిఫాం అదే స్కూలు పిల్లలకే పనికొస్తుంది. మిగిలిన మంచి బట్టలకు 1999లో మొదలైన గూంజ్ లాంటి సంస్థలున్నాయి.

ఇక కబురు. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో, వెలుతురులో తీసిన ఫొటో పెట్టి, లోపం దాచకుండా ఇలా రాయండి: "మిక్సీ, 500 వాట్లు, మూడు జార్లు. పెద్ద జారు మూత పగిలింది, మిగతావి బాగున్నాయి. 2019లో కొన్నాం. 302లో ఉంది. శనివారం సాయంత్రం ఏడు లోపు చెప్పండి." ముందు అడిగినవాళ్లకే అనే పద్ధతి పెట్టకండి. ఎప్పుడూ ఫోను చూస్తూ ఉండగలిగేవాళ్లకే అన్నీ పోతాయి. ఒక రోజంతా గడువిచ్చి, అడిగినవాళ్లలో అవసరం ఎక్కువున్నవాళ్లకు ఇవ్వండి.

వాచ్‌మన్ కుటుంబం, ఇళ్లలో పనిచేసేవాళ్లు ఆ గ్రూపులో ఉండరు. లిఫ్టు పక్కన, గేటు దగ్గర పెద్ద అక్షరాలతో తెలుగులో జాబితా అంటించండి. "మీరూ చూసుకోండమ్మా" అని విడిగా ముందే చెప్పండి, నలుగురి ముందు "ఇది కావాలా" అని అడిగితే అక్కర్లేనిదీ కాదనలేరు. పండగ మామూలుకు బదులు పాత చీర చేతిలో పెట్టడం అన్యాయం. మామూలు మామూలే, ఇది వేరు.

సెల్లార్‌లో రెండు బల్లలు చాలు, కరెంటు మీటర్ల బోర్డుకు దూరంగా వేయండి. ప్లగ్గు పాయింటు అందుబాటులో ఉండాలి, కరెంటు వస్తువు ఎదురుగా నడిపి చూపించి ఇవ్వాలి. టీవీయో కుర్చీయో పట్టుకెళ్లేవాళ్లకు ఫ్లాటు నంబరు, వస్తువు పేరు, తేదీ రాసిన చీటీ ఇవ్వండి. అది లేకపోతే గేటు దగ్గర సెక్యూరిటీ ఆపి దొంగను అడిగినట్టు అడుగుతారు, ఆ మనిషి మళ్లీ రారు.

మధ్యాహ్నం ఒంటిగంటకు మిగిలినవి ఎవరివి వాళ్లు పైకి తీసుకెళ్లాలని ముందే ఒప్పించుకోండి. ఇది జారితే సెల్లార్ డంపింగ్ యార్డు అవుతుంది, వచ్చే ఏడు అసోసియేషన్ అనుమతి ఇవ్వదు. పనిచేసే వస్తువులకు 2023 మేలో మున్సిపాలిటీలు తెరిచిన ఆర్‌ఆర్‌ఆర్ (రెడ్యూస్, రీయూజ్, రీసైకిల్: వాడకం తగ్గించడం, మళ్లీ వాడటం, రీసైకిల్ చేయడం) కేంద్రాల్లో మీకు దగ్గరిది నడుస్తోందేమో వార్డు ఆఫీసులో అడగండి. పాడైన ఎలక్ట్రానిక్ సామాను గుర్తింపు ఉన్న రీసైక్లరుకే ఇవ్వండి. పాత ఫ్రిజ్ తుక్కుకు వేసేముందు తలుపు ఊడదీయండి, ఆటల్లో పిల్లలు లోపలికి దూరి తలుపు పడితే ఊపిరాడదు.