రామప్ప గుడి, మిట్టమధ్యాహ్నపు ఎండ: నా అనుభవం

పాలంపేట రామప్ప గుడికి చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. 1213 నాటి ఆ గుడి గోడలు ఎర్రటి ఇసుకరాయి, చూరు కింద మదనికలు (స్త్రీ శిల్పాలు) నున్నటి నల్లరాయి. మొత్తం ఫ్రేములో పెడితే ఆకాశం తెల్లబడిపోతోంది, మదనికలేమో మసిబారిపోతున్నాయి.

రెండూ ఒకే ఫొటోలో పట్టాలనే ఆలోచన వదిలేశాను. చూరు నీడలోకి వెళ్లి, ఆకాశం రాకుండా దగ్గరగా ఫ్రేమ్ పెట్టి, మదనిక ముఖం మీద స్పాట్ మీటరింగ్ (ఆ ఒక్క చోటి వెలుగునే కెమెరాతో కొలవడం) చేశాను. నల్లరాయి కదా, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుగు సగానికి) తగ్గించాలి, లేదంటే కెమెరా దాన్ని బూడిదరంగు చేసేస్తుంది. కింద ఎండపడిన రాతి అరుగు నుంచి పైకి కొట్టిన వెలుగులో నగల చెక్కడం ఎంత బాగా తేలిందో! గుడి మొత్తాన్ని మాత్రం ఆకాశానికి సరిపడా ఎక్స్‌పోజర్‌తో రా ఫైల్‌గా (కెమెరా దాచే ముడి ఫొటోగా) తీసి, తర్వాత ఎడిటింగ్‌లో నీడల్ని లేపాను. గుడిది తూర్పు ముఖం, ముందు భాగానికి పొద్దున్నే వెళ్లడం మేలు.