షో పికప్‌లను గుర్తుపట్టడం - 4వ పాఠం: డోడ్జ్ డియోరా

1960ల చివర అమెరికా ఆటో షోలలో మెరిసిన పికప్‌లలో చాలావాటికి అడుగున ఉన్నది మామూలుగా అమ్ముడయ్యే బండే. అందుకే ఫొటో చేతికి రాగానే గ్రిల్లు, రంగు చూసి తేల్చేయకండి. అవి తేలిగ్గా మారిపోతాయి. ఇరుసులను జరపడం పెద్ద పని, కాబట్టి ముందు చక్రాలు ఎక్కడున్నాయో చూడాలి.

సరిగ్గా పక్కనుంచి తీసిన ఫొటో తీసుకోండి. టైరు ఎత్తును కాగితం అంచు మీద గుర్తు పెట్టి, ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య వరకు అది ఎన్నిసార్లు పడుతుందో చూడండి. డియోరాకు అడుగున ఉన్నది డోడ్జ్ ఏ100 అనే చిన్న పికప్. దాని వీల్‌బేస్, అంటే ముందు, వెనక చక్రాల మధ్యల దూరం, 90 అంగుళాలు. టైరు 26 అంగుళాలదైతే సుమారు మూడున్నర సార్లు వస్తుంది. 1967 ఫోర్డ్ ఎఫ్-100లో పొట్టి తొట్టి రకం వీల్‌బేస్ 115 అంగుళాలు. 28 అంగుళాల టైరుతో నాలుగు దాటుతుంది. మూల నుంచి తీసిన ఫొటోలో ఈ కొలత పనికిరాదు, వీల్‌బేస్ కుదించుకుపోయి కనిపిస్తుంది. షో కోసం పెద్ద టైర్లు తొడిగినా లెక్క తగ్గుతుంది. అనుమానం వస్తే డ్రైవరు సీటు చూడండి. ఏ100కి బానెట్ ఉండదు, సీటు ముందు చక్రం మీదే ఉంటుంది, ఇంజిను రెండు సీట్ల మధ్య ఉంటుంది.

ఇక డియోరా. 1965 ఏ100 మీద డెట్రాయిట్‌లోని అలెగ్జాండర్ సోదరులు కట్టిన బండి ఇది. గీసింది హ్యారీ బెంట్లీ బ్రాడ్లీ. 1967లో డెట్రాయిట్ ఆటోరామా అనే కస్టమ్ బళ్ల ప్రదర్శనలో ప్రధాన బహుమతి రిడ్లర్ అవార్డు గెలిచాక, డోడ్జ్ మాతృసంస్థ క్రైస్లర్ దాన్ని అద్దెకు తీసుకుని తన షోలలో నిలిపింది. చాలామంది దాన్ని కంపెనీయే కట్టిన కాన్సెప్ట్ (నమూనా) బండి అనుకోవడానికి కారణం అదే.

దాన్ని పట్టిచ్చేది పక్క భాగమే. తలుపూ ఉండదు, తలుపు గీతా ఉండదు. ఎక్కాల్సింది ముందు నుంచి: అద్దం పైకి లేస్తుంది, కింది పలక విడిగా తెరుచుకుంటుంది. ఆ ముందు అద్దం నిజానికి 1960 ఫోర్డ్ స్టేషన్ వ్యాగన్ వెనక అద్దం. వంపు గమనిస్తే తెలిసిపోతుంది. కేబిన్ అంత కిందికి దిగడానికి స్లాంట్ సిక్స్ అనే ఆరు సిలిండర్ల ఇంజిన్ని వెనక్కి జరిపారు. తొట్టి పైన మూత ఉంటుంది.

సంవత్సరం తేల్చేటప్పుడు ఎక్కువమంది పొరపడేది పక్క దీపాల దగ్గర. 1968 మోడల్ నుంచి అమ్మకపు బళ్లకు పక్కల దీపమో రిఫ్లెక్టరో వచ్చింది. అవి ఉంటే 1968 లేదా తర్వాతిది, లేదా తర్వాత బిగించినవి. అవి లేనంత మాత్రాన పాతదని అనకండి, రోడ్డెక్కని షో బండికి వాటి అవసరం లేదు.

బిల్ గోల్డెన్ నడిపిన లిటిల్ రెడ్ వ్యాగన్ కూడా ఏ100యే. కానీ అది 426 హెమీ అనే శక్తిమంతమైన ఇంజిన్ పెట్టిన డ్రాగ్ రేసు (తిన్నని చిన్న దూరపు పందెం) బండి, దాని పక్క తలుపులు అలాగే ఉంటాయి. సర్ఫ్‌బోర్డులు కనిపిస్తే అది 1968 హాట్ వీల్స్ బొమ్మ ఫొటో అయి ఉండొచ్చు.

అభ్యాసం: ఏ100 పికప్ పక్క ఫొటో, డియోరా పక్క ఫొటో సంపాదించి, రెండింట్లో చక్రాలు ఒకే పరిమాణంలో వచ్చేలా ప్రింట్ తీయండి. పారదర్శక కాగితం మీద ఇరుసులు, పైకప్పు, తొట్టి అంచు గీసి ఒకదాని మీద ఒకటి పెట్టండి. వచ్చే పాఠం ఎఫ్-100 మీద కట్టిన షో బళ్ల గురించి. ఆ గీతలు అప్పటికి దగ్గర ఉంచుకోండి.