సంక్రాంతి తరువాత ఉద్యోగం మారబోయే వారికి జాగ్రత్తలు

సంక్రాంతికి హైదరాబాదు, చెన్నై, విశాఖల నుంచి వచ్చినవారితో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలు నిండినప్పుడే, ఉన్న కొలువు వదిలి మరొకటి చూసుకోవాలన్న ఆలోచన చాలా ఇళ్లలో గట్టిపడుతుంది. మారడం తప్పని ఎవరూ అనలేరు, ఎందుకంటే పాత కొలువుకూ భరోసా లేదు. విజయనగరం జిల్లాలో జూట్ మిల్లులకు తాళాలు పడినప్పుడు, ఏళ్ల తరబడి అదే పని చేసిన కార్మికులకు ఆ అనుభవాన్ని మరోచోట చూపించుకునే దారి దొరకలేదు. అయితే కొత్త పని చేతకాక నష్టపోయేవారి కంటే, పాతదాన్ని వదిలే పద్ధతి తెలియకా, కొత్తదాని కోసం ముందే డబ్బు కట్టేసీ నష్టపోయేవారే ఎక్కువని నా అభిప్రాయం.

అన్నిటికంటే ముందు, కొత్త జీతాన్ని చేతికి వచ్చే లెక్కలో చూసుకోవాలి. ఆఫర్ లెటరులో ఏడాదికి 3,60,000 రూపాయలని కనిపించగానే నెలకు 30,000 అని ఇంట్లో చెప్పేస్తారు. అందులో పది శాతం పనితీరును బట్టి ఇచ్చేదైతే నెలకు 3,000 పక్కన పెట్టాలి. మూలవేతనం 15,000 అనుకుంటే, కంపెనీ వాటా పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి పనిచేసి వెళ్లేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము) పేరున చూపే సుమారు 720 కూడా చాలా కంపెనీలు ఆ 30,000లోనే కలిపి రాస్తాయి. ఆపైన మన వాటా పీఎఫ్ మరో 1,800, వృత్తి పన్ను 200 పోతే మిగిలేది ఇరవై రెండున్నర వేలకు కాస్త తక్కువే. రణస్థలంలో సొంత ఇంట్లో ఉంటూ, పైడిభీమవరం ఫార్మా కంపెనీకి కంపెనీ బస్సులోనే షిఫ్టుకు వెళ్లి 18,000 తెచ్చుకునే కెమిస్టు, హైదరాబాదులో హాస్టలు అద్దె, భోజనం, రానుపోను ఖర్చు తీసేశాక తనకు నిజంగా పెరిగేది ఎంతో కాగితం మీద వేసుకుని చూడాలి.

ఈ లెక్కలో చాలామంది మరిచిపోయేది ఈఎస్ఐ, అంటే ఉద్యోగులకూ వారి కుటుంబాలకూ వైద్యం అందించే ప్రభుత్వ బీమా. నెల జీతం 21,000 దాటే ఉద్యోగంలో కొత్తగా చేరేవారికి అది వర్తించదు. పాతచోట భార్యాబిడ్డలతో పాటు ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం అందుతుండగా, కొత్తచోట ఇచ్చే గ్రూపు బీమాలో తల్లిదండ్రులు లేకపోవచ్చు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో బాధపడే పెద్దవారు ఉన్న ఇంటికి, పెరిగిన నాలుగు వేల కంటే ఈ ప్రశ్నే ముఖ్యం కాబట్టి, చేరకముందే హెచ్‌ఆర్‌ను అడిగి జవాబును మెయిలులో తెప్పించుకోవాలి. మధ్యలో జీతం ఆగితే ఇంటి వాయిదాలు ఎలా కడతారన్నది కూడా ముందే తేల్చుకోవాలి. బండి ఈఎంఐ, చీటీ, అమ్మ పేరున ఉన్న డ్వాక్రా రుణం, బ్యాంకులో కుదువ పెట్టిన బంగారం మీద వడ్డీ, ఇవన్నీ కలిపి ఆరు నెలలకు సరిపడా సొమ్ము చేతిలో లేనివారు, కొత్త ఆఫరు రాతపూర్వకంగా వచ్చేదాకా రాజీనామా మాట ఎత్తకపోవడమే మంచిది.

రాజీనామాను నోటిమాటగా కాక మెయిలులో ఇచ్చి, నోటీసు గడువు పూర్తిచేసి, రిలీవింగ్ లెటరు, అనుభవ పత్రం, చివరి మూడు నెలల జీతం రసీదులు తీసుకున్నాకే బయటికి రావాలి. పండుగకు వచ్చి ఫోను ఆపేసి ఇంట్లో ఉండిపోతే, రికార్డులో చెప్పకుండా మానేసినట్టు నమోదవుతుంది, ఆ మాట తరువాతి కంపెనీ విచారణలో బయటపడుతుంది. నాలుగున్నరేళ్లు నిండినవారు గ్రాట్యుటీకి సాధారణంగా ఐదేళ్ల సర్వీసు కావాలన్న సంగతి గుర్తుంచుకుని తేదీ నిర్ణయించుకోవాలి. పీఎఫ్‌ను తీసి ఖర్చు పెట్టకుండా కొత్త ఖాతాకు బదిలీ చేసుకుంటే, పింఛనుకు కావలసిన పదేళ్ల సర్వీసు తెగిపోకుండా ఉంటుంది. ఇక్కడ మనవాళ్లకు తరచూ వచ్చే చిక్కు పేరు దగ్గర. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా, యూఏఎన్‌లో (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరు) ఇంటిపేరు వెనక్కి పోయి ఉంటే బదిలీ దరఖాస్తు తిరస్కరణకు గురికావచ్చు. ఈ సవరణకు పాత కంపెనీ ఆమోదం కావలసి రావచ్చు, కనుక అక్కడ పనిచేస్తుండగానే చేయించుకోవాలి.

బ్యాక్‌డోర్ (దొడ్డిదారి) ఉద్యోగమంటూ లక్షలు అడిగే కన్సల్టెన్సీలకు, దొంగ అనుభవ పత్రాలు అమ్మేవారికి దూరంగా ఉండమని చెప్పడం మామూలే. అవి ఎందుకు దొరికిపోతాయో మాత్రం తెలియాలి: యూఏఎన్‌లో ఏ కంపెనీ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పీఎఫ్ కట్టిందో ఉంటుంది, మూడేళ్ల అనుభవం చెప్పినచోట ఒక్క నెలైనా జమ కనిపించకపోతే విచారణ అక్కడే ముగుస్తుంది. అదే డబ్బులో కొంత పెట్టి బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్‌కో, ఎలక్ట్రికల్ లైసెన్సుకో ప్రయత్నిస్తే, అవి ఒక కంపెనీ మూతపడినా మరో కంపెనీలో చెల్లుతాయి. భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టు పేర్లు చెప్పి ఎవరైనా ముందుగా సొమ్ము అడిగితే మాట అక్కడితో ఆపేయాలి. ఒకవేళ నిజమైన పనే అయినా, అది కట్టడం నడిచినంతకాలం ఉండే కాంట్రాక్టు పనా, ఆ తరువాతా ఉండేదా అని అడిగి తెలుసుకోవాలి.

పలాస, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం ప్రాంతాల నుంచి వెల్డింగు, ఫిట్టింగు పనులకు విదేశాలు వెళ్లేవారు మరింత మెలకువగా ఉండాలి. 1983 నాటి వలసల చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న ఏజెంటు మాత్రమే మనుషులను పంపాలి. ఆ ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉందో లేదో చూసుకోవచ్చు. ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. లక్షన్నర, రెండు లక్షలు అడుగుతూ రసీదు ఇవ్వనివాడు మన ఊరివాడైనా, వరసకు బావైనా, నమ్మదగినవాడు కాడు. విజిట్ వీసా మీద పంపి అక్కడ మార్పిస్తామనే మాటకు ఒప్పుకోకూడదు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి కంబోడియాకు తీసుకుపోయి సైబరు మోసాలు చేయించిన ముఠా వ్యవహారం 2024 మే నెలలో విశాఖ పోలీసుల దర్యాప్తులో బయటపడింది. ఈసీఆర్ పాస్‌పోర్టుతో (పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి కావలసినది) గల్ఫ్ వెళ్లేవారు ప్రవాసీ భారతీయ బీమా తప్పక తీసుకోవాలి, రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో 10 లక్షల ప్రమాద బీమా వస్తుంది. బయలుదేరే ముందు పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగ ఒప్పందం, ఏజెంటు రసీదు నకళ్లను, పనిచేసే కంపెనీ చిరునామానూ, ఆ దేశంలోని మన ఎంబసీ ఫోను నంబరునూ ఇంట్లో చదువుకున్న ఒకరికి అప్పగించి వెళ్లాలి.